శిక్షకు ముందే ఓడ సిద్ధం

చిల్లర దొంగలను సముద్రాలు దాటించేందుకు పుట్టిన శిక్ష అది. బహ్రెయిన్‌లో ఎన్నికలు కావాలి, రాసిపెట్టిన చట్టాలు కావాలి అన్న ముగ్గురి మీద 1956లో అదే శిక్షను ప్రయోగించారు. విచారణ మొదలు కాకముందే వాళ్లు దిగాల్సిన దీవి ఖాయమైపోయింది. నాలుగున్నరేళ్ల తర్వాత అదే దీవిలోని కోర్టు వాళ్ల సంకెళ్లు తెంపింది.

1956 డిసెంబరు ఆఖరు రోజుల్లో ‘లోక్ ఇన్ష్’ అనే బ్రిటిష్ యుద్ధనౌక బహ్రెయిన్ నుంచి లంగరెత్తింది. అందులో ముగ్గురు ఖైదీలున్నారు. అబ్దుల్ రెహమాన్ అల్ బాకిర్, అబ్దుల్ అజీజ్ అల్ షమ్లాన్, అబ్ద్ అలీ అల్ అలైవాత్. ఒక్కొక్కరికీ పద్నాలుగేళ్ల జైలుశిక్ష పడింది. హిందూ మహాసముద్రం మీదుగా దిగువకు వెళ్లి, ఆఫ్రికా కొనను చుట్టి, నెల రోజుల తర్వాత వాళ్లు తేలింది అట్లాంటిక్ నడుమన ఉన్న సెయింట్ హెలెనాలో. నెపోలియన్ చివరి శ్వాస విడిచిన దీవి అది.

అదే ఏడాది జనవరి 1న మన దేశం శిక్షాస్మృతిలోంచి ‘ద్వీపాంతరవాసం’ అన్న శిక్షను కొట్టేసి, ఆ చోట యావజ్జీవ ఖైదు అని రాసుకుంది. ఆ శిక్షను మనకు అంటగట్టిన బ్రిటన్ మాత్రం అదే ఏడాది చివర్లో, తన వలస కాని ఒక చిన్న దేశంలో, తన పౌరులు కాని ముగ్గురిని ద్వీపాంతరం పంపింది.

బహ్రెయిన్ అనగానే మనకు మనామా వీధులు, కంపెనీ వీసాలు, నెలనెలా ఇంటికొచ్చే దీనార్లు గుర్తుకొస్తాయి. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన మనవాళ్లు అక్కడ కట్టని భవనం లేదు, తోలని బండి లేదు. ఆ నేల మీద శిక్షకూ సముద్రానికీ ముడిపడిన ఈ చరిత్ర మాత్రం మనలో చాలామందికి తెలియదు. అందులో మన బొంబాయికీ పాత్ర ఉంది.

దొంగల కోసం పుట్టిన శిక్ష

ద్వీపాంతర శిక్ష మొదట రాజకీయ ఖైదీల కోసం పుట్టలేదు. 1718లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం దొంగలను, ఇతర నేరస్థులను అమెరికా వలసలకు పంపే పద్ధతిని స్థిరపరిచింది. జేబుదొంగలు, గొర్రెల దొంగలు, బట్టల మూటలు ఎత్తుకెళ్లినవాళ్లు ఏడేళ్లకో పద్నాలుగేళ్లకో ఓడెక్కేవారు. అమెరికా స్వతంత్రం ప్రకటించుకోవడంతో ఆ దారి మూసుకుపోయింది. 1788లో మొదటి ఖైదీల ఓడలు ఆస్ట్రేలియా చేరాయి. 1868 వరకు దాదాపు 1,62,000 మందిని అక్కడికి తరలించారు. వాళ్లలో ఎక్కువమంది చేసిన నేరం దొంగతనమే.

ఈస్టిండియా కంపెనీ ఈ పాఠాన్ని వెంటనే ఒంటబట్టించుకుంది. పద్దెనిమిదో శతాబ్దం చివరినుంచే మన దేశపు ఖైదీలను సుమత్రాలోని బెంకూలెన్‌కు, తర్వాత పెనాంగ్, మారిషస్, సింగపూర్‌లకు పంపింది. అక్కడి రోడ్లు వేసింది, అడవులు నరికింది, చిత్తడి నేలలు పూడ్చింది ఆ చేతులే. 1858 మార్చిలో డాక్టర్ వాకర్ అనే అధికారి రెండు వందల మంది ఖైదీలతో అండమాన్‌లో దిగాడు. అప్పటినుంచి మనకు ద్వీపాంతరమంటే అండమానే, జనం నోట కాలాపానీ.

1857 జులైలో హైదరాబాద్ రెసిడెన్సీ మీద తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి దాడికి నడిచిన మౌల్వీ అలావుద్దీన్‌ను పంపింది అక్కడికే. ఆయన మళ్లీ హైదరాబాద్ గడప తొక్కలేదు, ఆ దీవిలోనే కన్నుమూశాడు. కాకినాడ బాంబు కేసులో పట్టుబడ్డ ప్రతివాది భయంకరాచారిని సముద్రం దాటించింది కూడా అక్కడికే. బందిపోటుకు ఏ ఓడో తిరుగుబాటుదారుకూ అదే ఓడ. దొంగ కోసం చేసిన చట్టం చేతికి అలవాటయ్యాక, పాలకుడు దాన్ని ఎదురుతిరిగినవాడి మీదకు తిప్పడానికి ఎంతోసేపు పట్టదు.

ఆస్ట్రేలియాకు ఆఖరి ఖైదీల ఓడ చేరింది 1868లో. ఆ మరుసటి ఏడాదే, 1869లో, ‘వలస ఖైదీల తరలింపు చట్టం’ వచ్చింది. ఒక వలస ప్రాంతంలో శిక్షపడినవాణ్ని మరో వలస ప్రాంతపు జైలుకు మార్చుకునే వీలు దాంతో కలిగింది. ఎనభై ఏడేళ్ల తర్వాత ఆ పాత చట్టమే బహ్రెయిన్ ఖైదీల మెడకు చుట్టుకుంది.

బహ్రెయిన్‌కు అండమాన్ మన బొంబాయి

మనవాళ్లను అండమాన్‌కు పంపిన రోజుల్లోనే బహ్రెయిన్‌వాళ్లను మన దేశానికి పంపేవారు. గల్ఫ్ వ్యవహారాలన్నీ అప్పట్లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం చేతుల్లో ఉండేవి. 1869లో బహ్రెయిన్ గద్దె కోసం రక్తపాతం జరిగినప్పుడు కర్నల్ లూయిస్ పెల్లీ నౌకలతో వచ్చి, తగువులో ఉన్న షేక్‌లను బంధించి భారతదేశానికి తరలించాడు.

1913లో వచ్చిన బహ్రెయిన్ రాజాజ్ఞ తర్వాత, అక్కడి బ్రిటిష్ పొలిటికల్ ఏజెంట్ కోర్టులో విదేశీయుల కేసులకు భారత శిక్షాస్మృతి వర్తించేది. బజార్లో రూపాయే చెల్లేది. అరవయ్యో దశకం మధ్యలో దీనారు వచ్చేదాకా ఆ రూపాయే నడిచింది.

1923లో ముసలి పాలకుడు షేక్ ఈసా బిన్ అలీని తప్పించి ఆయన కొడుకు హమద్‌ను బ్రిటిష్‌వాళ్లు గద్దెనెక్కించారు. దాన్ని వ్యతిరేకించి, పాలకుడి పక్కన సలహామండలి ఉండాలని కోరిన పెద్దల్లో అబ్దుల్ వహాబ్ అల్ జయానీ, అహ్మద్ బిన్ లాహిజ్ ముఖ్యులు. ఆ ఇద్దరినీ బొంబాయికి పంపించేశారు. జయానీ అక్కడే చనిపోయాడు.

1938లో మళ్లీ అదే కథ. శాసనమండలి కావాలని, చమురు కంపెనీలో స్థానికులకు ఉద్యోగాలివ్వాలని గళమెత్తిన వారిలో సాద్ అల్ షమ్లాన్, అహ్మద్ అల్ షిరావీలను పట్టుకుని బొంబాయి ఓడ ఎక్కించారు. ఆ సాద్ కొడుకే అబ్దుల్ అజీజ్ అల్ షమ్లాన్. తండ్రిని ప్రవాసం పంపినప్పుడు బొంబాయి బ్రిటిష్‌వాళ్ల చేతిలో ఉంది. కొడుకు వంతు వచ్చేసరికి మనం స్వతంత్రులమయ్యాం, ఆ తలుపు మూసుకుపోయింది. పాలకులు మరో దీవిని వెతుక్కున్నారు.

ట్యాక్సీ బీమా దగ్గర మొదలై

గల్ఫ్‌లో అరబ్బుల వైపు తీరంలో మొదట చమురు తగిలింది బహ్రెయిన్‌లోనే, 1932లో. బడులు, ఆసుపత్రులు వచ్చాయి. పత్రికలు, క్లబ్బులు వచ్చాయి. పాలన మాత్రం ఇద్దరి చుట్టూనే తిరిగేది. ఒకరు పాలకుడు షేక్ సల్మాన్ బిన్ హమద్, రెండోవారు సలహాదారు చార్లెస్ బెల్‌గ్రేవ్. లండన్ పత్రికలో ప్రకటన చూసి దరఖాస్తు పెట్టుకున్న ఈ ఆంగ్లేయుడు 1926లో బహ్రెయిన్ చేరాడు. మూడు దశాబ్దాల పాటు ఖజానా, పోలీసు, కోర్టులన్నీ ఆయన కనుసన్నల్లోనే నడిచాయి. న్యాయమూర్తుల పీఠాల మీద పాలక కుటుంబీకులుండేవారు. ఏది నేరమో, దేనికెంత శిక్షో చెప్పే లిఖిత స్మృతి లేదు.

1953 మొహర్రం నాళ్లలో సున్నీ, షియాల మధ్య గొడవలు చెలరేగాయి. ఆ చీలికను పూడ్చిన పని చూడటానికి చాలా చిన్నది. 1954లో ప్రభుత్వం వాహనాలకు బీమా తప్పనిసరి చేసింది. విదేశీ కంపెనీలు అడిగే ప్రీమియం కట్టలేక ట్యాక్సీ డ్రైవర్లు సమ్మెకు దిగారు. డ్రైవర్లే తలాకొంత వేసుకుని సొంత బీమానిధి పెట్టుకుందామని వాళ్లకు దారి చూపించింది అల్ బాకిర్. వ్యాపారి, ‘సౌత్ అల్ బహ్రెయిన్’ పత్రికలో రాసే రచయిత. సున్నీ, షియా డ్రైవర్లు ఒకే నిధిలో డబ్బు వేశారు. ఆ లెక్కల పుస్తకం మీద కుదిరిన నమ్మకమే రాజకీయ ఐక్యతకు పునాది అయింది.

1954 అక్టోబరులో సనాబిస్ గ్రామంలో జరిగిన సభలో 120 మంది ప్రతినిధులను ఎన్నుకున్నారు. వాళ్లపైన ఎనిమిది మందితో ఉన్నత కార్యవర్గం. నలుగురు సున్నీలు, నలుగురు షియాలు. అల్ బాకిర్, అల్ షమ్లాన్ సున్నీలు, అల్ అలైవాత్ షియా. వాళ్ల కోరికలు నాలుగు: ఎన్నికైన శాసనసభ, లిఖిత సివిల్, క్రిమినల్ చట్టాలు, కార్మిక సంఘాలకు అనుమతి, పై అప్పీళ్లు వినే కోర్టు. ఆ డిసెంబరులో వారం రోజుల సమ్మెతో దీవి మొత్తం స్తంభించింది.

సూయెజ్ సెగ

1956 మార్చి 2న బ్రిటిష్ విదేశాంగ మంత్రి సెల్విన్ లాయిడ్ బహ్రెయిన్‌లో ఆగాడు. ముహర్రక్‌లో ఆయన కార్ల మీద రాళ్లు పడ్డాయి. ఆ మరుసటి వారం మనామా బజారులో తగాదా ముదిరి పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత ప్రభుత్వం ఆ ఉన్నత కార్యవర్గాన్ని గుర్తించక తప్పలేదు. పేరు ‘జాతీయ ఐక్య కమిటీ’గా మారింది. ఆ మార్పుకు మూల్యంగా అల్ బాకిర్ కొన్ని నెలలు దేశం విడిచి ఉండాల్సి వచ్చింది.

అక్టోబరు ఆఖరులో సూయెజ్ కాలువ వివాదంలో ఈజిప్టు మీద ఇజ్రాయెల్, వెనకాలే బ్రిటన్, ఫ్రాన్స్ దాడికి దిగాయి. అరబ్ వీధులన్నీ భగ్గుమన్నాయి. నవంబరు మొదట్లో కమిటీ పిలుపుతో బహ్రెయిన్‌లో మొదలైన ఊరేగింపులు అదుపు తప్పాయి. బ్రిటిష్ ఆస్తులకు నిప్పంటుకుంది. నవంబరు 6న నాయకుల అరెస్టులు మొదలయ్యాయి. అరబ్ ప్రపంచం చూపంతా సూయెజ్ మీద ఉన్న ఆ రోజుల్లో ఒక చిన్న దీవిలో ఐదుగురిని పట్టుకుంటే అడిగే దిక్కెవరు?

ముందు తరలింపు, తర్వాత తీర్పు

ఈ కథకు గుండెకాయ డిసెంబరు నాటి తేదీల వరస. ఖైదీలను సెయింట్ హెలెనాలో ఉంచుకోవాలని పాలకుడి తరఫున బ్రిటిష్‌వారికి విజ్ఞప్తి అందింది. 1869 నాటి వలస ఖైదీల చట్టాన్ని బహ్రెయిన్‌కు వర్తింపజేస్తూ లండన్‌లో రాజాజ్ఞ వెలువడింది. ఇవన్నీ జరిగేనాటికి విచారణ మొదలవనే లేదు. నిందితులు నేరస్థులని ఏ కోర్టూ తేల్చలేదు.

ఆ తర్వాతే మనామాకు దూరంగా బుదయ్య గ్రామంలో ప్రత్యేక కోర్టు కూర్చుంది. న్యాయమూర్తులు ముగ్గురు, ముగ్గురూ పాలక కుటుంబం వారే. పాలకుణ్ని, సలహాదారుని చంపాలని చూశారని, రాజభవనాన్ని, విమానాశ్రయాన్ని తగలబెట్టబోయారని అభియోగాలు. కోర్టు కొద్దిరోజుల్లోనే పని ముగించింది. ముగ్గురికి పద్నాలుగేళ్లు, మరో ఇద్దరికి, ఇబ్రహీం ఫఖ్రూ, ఇబ్రహీం బిన్ మూసాలకు, పదేళ్ల చొప్పున శిక్ష పడింది.

లిఖిత క్రిమినల్ చట్టం కావాలన్నదే వీళ్ల కోరికల్లో ఒకటని మరిచిపోకూడదు. అడిగిన చట్టం రాలేదు. తరలించడానికి మాత్రం లండన్ బీరువాలోంచి విక్టోరియా కాలపు చట్టం దుమ్ము దులుపుకుని వచ్చింది. పైగా బహ్రెయిన్ వలస కాదు, రక్షణ ఒప్పందం ఉన్న దేశం మాత్రమే. వలసల కోసం చేసిన చట్టం వలస కాని చోటికి నడిచొచ్చింది.

దగ్గరి దీవి, దూరపు దీవి

ఫఖ్రూ, బిన్ మూసాలను దేశం దాటించలేదు. వాళ్లకు జిద్దా దీవి దక్కింది. సౌదీ ఓడరేవు జిద్దా కాదిది. బహ్రెయిన్ పడమటి తీరానికి కొద్ది దూరంలో ఉన్న చిన్న సున్నపురాతి దీవి. పాతకాలం నుంచీ కోటలకు, ఇళ్లకు ఇక్కడి రాయినే కొట్టుకెళ్లేవారు. బెల్‌గ్రేవ్ హయాంలో ఇది జైలు దీవి అయింది. దొంగలు, హంతకులు, రాజకీయ ఖైదీలు పక్కపక్కనే రాళ్లు కొట్టారు. 1970ల దాకా ఆ జైలు నడిచింది. తర్వాత ఖైదీలను తరలించారు, దీవి ప్రధానమంత్రి విడిదిగా మారింది. ఈరోజు సౌదీ వెళ్లే కింగ్ ఫహద్ వంతెన ఆ పక్క దీవి ఉమ్ అన్ నసాన్ మీదుగానే సాగుతుంది. ఆ వంతెన మీద ట్రక్కులు తోలే మనవాళ్లు ఎందరో.

సొంతూరి తీరం నుంచి పడవకు అందే దీవి కొందరికి, సముద్రాల అవతలి దీవి కొందరికి. నేరం తీవ్రత ఈ తేడాను నిర్ణయించలేదు. వెనక జనం ఎంతమంది ఉన్నారన్నదే నిర్ణయించింది. అల్ బాకిర్ జిద్దాలో ఉంటే మనామా మసీదుల్లో ఆయన పేరు ప్రతి శుక్రవారం వినిపించేది. పాలకులు ద్వీపాంతరం పంపేది మనిషిని కాదు, వాడి మాటను.

సెయింట్ హెలెనా ఖైదీల పట్టీ

వైశాల్యం 122 చదరపు కిలోమీటర్లు. ఆఫ్రికా తీరం నుంచి దాదాపు 1,900 కిలోమీటర్లు. విమానాశ్రయం వచ్చింది 2016లోనే. అంతకు ముందు ఓడ తప్ప దారి లేదు. ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ సొత్తు. మద్రాసు నుంచి లండన్‌కు తిరిగెళ్లే కంపెనీ ఓడలు నీళ్లకూ కూరగాయలకూ ఇక్కడ ఆగేవి.

1815–1821: నెపోలియన్ బోనపార్టి.
1890ల్లో: జులూ రాజు దినుజులు, ఆయన బంధువులు.
1900–1902: వేలమంది బోయర్ యుద్ధఖైదీలు.
1907 తర్వాత: తిరుగుబాటు చేసిన జులూలు.
మొదటి ప్రపంచయుద్ధ కాలం: జాంజిబార్ గద్దె కోసం బ్రిటిష్‌వారిని ఎదిరించిన ఖాలిద్ బిన్ బర్గాష్.
1957–1961: ముగ్గురు బహ్రెయిన్ నాయకులు.

కొండకొమ్మున ఇల్లు, దిగువన కోర్టు

ముగ్గురినీ దీవి రాజధాని జేమ్స్‌టౌన్ రేవుకు పైన, కొండ అంచున ఉన్న మండెన్స్ అనే చోట ఉంచారు. ఉత్తరాలు తపాలా ఓడ దయ. ఎడారి ఎండల మనుషులకు అట్లాంటిక్ ముసురు, అరబ్బీ మాటాడే మనిషి మరొకడు లేడు. అక్కడి జనానికి వీళ్లెవరో తెలియదు, వీళ్లకు ఆ జనం భాష సొంతం కాదు.

అయితే పాలకులు ఒక సంగతి పట్టించుకోలేదు. సెయింట్ హెలెనా బ్రిటిష్ గడ్డ. అక్కడ కాపలా ఎంత గట్టిదైనా, ‘ఏ అధికారంతో నన్ను బంధించారో చూపించండి’ అని అడిగే హక్కు, హెబియస్ కార్పస్, ఖైదీకి కూడా ఉంది. బహ్రెయిన్‌లో ఉండి ఉంటే ఆ ప్రశ్న వేసే గుమ్మమే లేదు.

అల్ బాకిర్ ఆ దీవి కోర్టు మెట్లెక్కాడు. మొదటిసారి ఓడిపోయాడు. గవర్నర్ ఆల్ఫర్డ్ మీద వేసిన ఆ కేసు అప్పీలుగా లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1960లో అక్కడా చుక్కెదురైంది. అప్పటికి లండన్‌లో కదలిక వచ్చింది. పత్రికారచయిత బెర్నార్డ్ లెవిన్ ‘స్పెక్టేటర్’లో ఈ కేసు మీద పదేపదే రాశాడు. లేబర్ ఎంపీలు పార్లమెంటులో ప్రభుత్వాన్ని నిలదీశారు. విచారణకు ముందే తరలింపు ఏర్పాట్లు ఎలా జరిగాయన్న ప్రశ్నకు మంత్రుల దగ్గర సరైన జవాబు లేకపోయింది.

రెండోసారి కోర్టుకెళ్లారు. 1961 జూన్‌లో సెయింట్ హెలెనా సుప్రీంకోర్టు న్యాయమూర్తి బ్రెట్ ఆ నిర్బంధం చట్టసమ్మతం కాదని తేల్చాడు. ముగ్గురూ విడుదలయ్యారు. దూరంగా పంపితే గొంతు వినపడదనుకున్నవారికి, ఆ దూరంలోనే చట్టం చెవి ఒకటి తెరుచుకుని ఉంటుందని తట్టలేదు.

విడుదలైనా సొంతగడ్డ మీదకు దారి దొరకలేదు. ప్రవాసంలోనే బతికారు. అల్ బాకిర్ తన అనుభవాన్ని అరబ్బీలో పుస్తకంగా రాశాడు. 1971లో బహ్రెయిన్ స్వతంత్రమయ్యాక అల్ షమ్లాన్ తిరిగొచ్చాడు. 1972లో ఏర్పడిన రాజ్యాంగ సభకు ఉపాధ్యక్షుడయ్యాడు, ఆ తర్వాత రాయబారిగా పనిచేశాడు. ఒకనాడు పాలకుణ్ని చంపబోయాడన్న అభియోగం మీద పద్నాలుగేళ్లు పడిన మనిషే దేశపు మొదటి రాజ్యాంగం రాసేవారి నడుమ కూర్చున్నాడు. ఆ రాజ్యాంగం ప్రకారం ఎన్నికైన సభ 1975లో రద్దయింది. అది వేరే కథ.

దూరం తగ్గించే చట్టాలు

ఈరోజు శిక్షల గాలి ఎటు వీస్తోంది? బహ్రెయిన్ 2017లో ప్రత్యామ్నాయ శిక్షల చట్టం తెచ్చింది. జైలుకు బదులు సమాజసేవ, గృహనిర్బంధం, ఎలక్ట్రానిక్ నిఘా లాంటివి విధించే వీలు దాంతో కలిగింది. మన దగ్గర 2024 జులై నుంచి అమలవుతున్న భారతీయ న్యాయసంహిత ప్రకారం, ఐదు వేల రూపాయల లోపు విలువైన వస్తువు దొంగిలించి, మొదటిసారి దొరికి, సొమ్ము తిరిగిస్తే శిక్ష సమాజసేవ. మూడు శతాబ్దాల కిందట ఇలాంటి దొంగనే ఇంగ్లండ్ సముద్రాలు దాటించింది.

అయితే పాత బుద్ధి పూర్తిగా చావలేదు. 2012 నుంచి బహ్రెయిన్ వందలాది మంది పౌరసత్వం రద్దు చేసింది. కొందరిని దేశం నుంచి పంపించేసింది. 2019లో రాజు 551 మందికి పౌరసత్వం తిరిగిచ్చారు. ఓడ పేరు మారి ‘పౌరసత్వం రద్దు’ అయింది. మనిషిని అతని జనం నుంచి విడదీయడమన్న పని అలాగే ఉంది.

ఇక మనవాళ్ల సంగతి. గల్ఫ్‌లో శిక్షపడిన వలసకూలీకి జైలే ద్వీపాంతరం. భాష రాదు, లాయరు లేడు, పెళ్లాం పిల్లలు చూడ్డానికి రాలేరు. శిక్ష పూర్తయ్యాక దేశం నుంచి పంపించేస్తారు. కానీ ఇప్పుడు దూరాన్ని తగ్గించే చట్టం కూడా ఉంది. 2003 నాటి ఖైదీల స్వదేశ తరలింపు చట్టం ప్రకారం, ఒప్పందమున్న దేశాల్లో శిక్ష పడిన భారతీయుడు మిగిలిన శిక్షను సొంత దేశపు జైల్లో అనుభవించవచ్చు. మనకు బహ్రెయిన్‌తో అలాంటి ఒప్పందం ఉంది. షరతులు కొన్ని ఉన్నాయి, వాటిలో ముఖ్యమైనది ఖైదీ తనంతట తాను కోరుకోవడం. 1956లో ఆ ముగ్గురిని ఎవరూ అడగలేదు, ఇప్పుడు అడగకుండా తరలించడానికి వీల్లేదు. రెండు కాలాల మధ్య అసలు తేడా ఇదే.

ఇంట్లో ఎవరైనా బహ్రెయిన్ జైల్లో ఉంటే ఏజెంట్ల వెంట తిరిగి అప్పులు పెంచుకోకండి. మనామాలోని భారత రాయబార కార్యాలయానికి రాయండి. విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. తీర్పు నకలు సంపాదించి, స్వదేశ తరలింపుకు దరఖాస్తు పెట్టుకోమని జైల్లో ఉన్న మనిషికి చెప్పండి. హక్కు ఉందని తెలియకపోతే, దాన్ని అడగడం ఎవరికీ సాధ్యం కాదు.